వన్స్ మోర్ అనేవాళ్లు ఉన్నంతసేపు

నాటకంలో పద్యం అయిపోగానే జనంలోంచి ఎవరో ఒకరు లేచి "వన్స్ మోర్" అని అరవడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. కథ ఎక్కడుందో, పాత్ర ఏ కష్టంలో ఉందో వాళ్లకు పట్టదు. రాగం బాగుంటే చాలు, ఏడ్చేవాణ్ణి మళ్లీ ఏడవమంటారు.

మా అన్న పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవాడు. ఆళ్లగడ్డ పక్కనే మా పల్లె. నల్లరేగడిలో శనగ, కాలువ కింద కాస్త వరి. పగలు సేద్యం, తిరునాళ్లొస్తే నాటకం. అన్న గొంతెత్తితే చివరి వరసవాళ్లకు మైకు అక్కర్లేదు. ఒకసారి గోస్పాడు తట్టు ఒక పల్లెలో యుద్ధంలో పడిపోయి, పద్యం పాడి ప్రాణం విడిచే రాజు వేషం కట్టాడు. పాడాడు, చచ్చిపోయాడు. జనం వన్స్ మోర్ అన్నారు. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, హార్మోనియం ఆయన వైపు తల ఊపి మళ్లీ పాడాడు. పాడి మళ్లీ చచ్చిపోయాడు.

ఇంటికొచ్చాక నేను పడీపడీ నవ్వితే అన్నకు కోపమొచ్చింది.

"నవ్వుతావేం పాపా. పిల్సినోళ్లను కాదని యాడికి పోతాం? వన్స్ మోర్ అనేటోళ్లు ఉన్నంతసేపు ఆటగాడు తెర దాటగూడదు. అది మర్యాద."

నాకు యాభై దాటినా అన్నకు నేను పాపనే. నంద్యాలలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. యతి, ప్రాస, గణాలు అని బోర్డు మీద గీతలు గీసి పిల్లల ప్రాణం తీయడం నా వృత్తి. ఆ గణాలు ఏవీ తెలియకుండానే మా అన్న తప్పులేని ఆటవెలది చెప్పేవాడు. అది నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

వదిన జబ్బు చేసి పోయింది. వాళ్లకు పిల్లల్లేరు. కర్మంతరాలు అయ్యేదాకా అన్న బాగానే తిరిగాడు, వచ్చినవాళ్లందరికీ భోజనాలు దగ్గరుండి పెట్టించాడు. ఆ తర్వాత మెల్లగా మాట తగ్గింది. చేనికి పోయి గట్టు మీద కూర్చుని తిరిగొచ్చేవాడు. అన్నం పెట్టుకుంటే తినేవాడు, లేదంటే లేదు. నాటకాలవాళ్లు వచ్చి పిలిస్తే గొంతు పోయిందన్నాడు. గొంతు పోలేదని నాకు తెలుసు. మనిషే ఎక్కడికో పోతున్నాడని కూడా తెలుసు. దాన్ని ఏమనాలో, ఎవరికి చెప్పాలో మాత్రం తెలిసేది కాదు. మా వైపు జ్వరం వస్తే ఆస్పత్రి, కాలు విరిగితే కట్టు. మనసు బాగాలేదంటే మాత్రం "పని ల్యాక" అంటారు.

ఆ రోజుల్లోనే ఆళ్లగడ్డలో ఒక టీచరమ్మ పరిచయమైంది. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, క్రైస్తవురాలు. తెల్లచీర, మెత్తటి మాట, ఎవరినీ కసరదు. నాకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె తమ్ముడు కొన్నేళ్ల కింద ఎవరికీ ఏమీ చెప్పకుండా ప్రాణం తీసుకున్నాడు. "చెప్పింటే వినేదాన్ని కదమ్మా. చెప్పేదానికి వానికి తావు ల్యా" అనేది. చర్చిలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పుకున్న రోజున, చెప్పినవాళ్ల ముఖం కాస్త తేటపడడం ఆమె గమనించింది. అయితే సాక్ష్యం చివర దేవుడు గట్టెక్కించాడని చెప్పాలి. ఇంకా గట్టెక్కనివాళ్లు ఏం చెప్తారు? అందుకని ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చి పక్క బడిగదిలో బెంచీలు వేసి, ఏ మతంవాళ్లయినా వచ్చి తమ బాధను పద్యంగానో, పాటగానో, వచ్చిన మాటల్లోనో చెప్పుకోవచ్చని పిలిచింది. నంద్యాలలో మానసిక వైద్యం చేసే ఒక డాక్టరమ్మ అప్పుడప్పుడూ వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. మాటలు కూర్చడంలో సాయానికి నన్ను రమ్మన్నారు. నేను ప్రతి ఆదివారం బస్సెక్కేదాన్ని.

పెట్టిన నియమం ఒక్కటే. ఎవరూ సలహా చెప్పకూడదు. వినాలి, అంతే. మా వైపు మనుషులకు ఇది ఎంత కష్టమో చెప్పలేను. నోటి చివరిదాకా వచ్చిన సలహాను టీతో పాటు మింగేవాళ్లు. కానీ పని జరిగింది. కాన్పులో బిడ్డ పోయి, ఎవరితోనూ మాట్లాడని ఒక పిల్ల, ఆ బిడ్డకు పాడాలనుకున్న జోల పాట మా అందరి ముందూ పాడింది. పాడి, గోడకు ఆనుకుని అక్కడే నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో అది. మేం బెంచీలు కూడా జరపకుండా కూర్చున్నాం. అది చూశాకే అన్నను ఇక్కడికి తేవాలనుకున్నాను.

రానన్నాడు. గొడవ పెట్టుకుని తెచ్చాను.

మొదటి ఆదివారం అన్న చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే లేచాడు. చేతులు నాటకంలోలా కట్టుకున్నాడు.

మన్ను నమ్ముకున్న మాటకు సెలవింక
దున్నినాను చాలు దుమ్ము లేచె

అంటూ రాగం తీశాడు. రెండేళ్లుగా మూతపడిన గొంతు అది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పద్యం అయిపోయింది. వెనక బెంచీ నుంచి ఒక రిటైర్డు కండక్టరు లేచి "అన్నా, వన్స్ మోర్" అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. నాకు ఒళ్లు మండింది. అన్న ముఖం మాత్రం వెలిగింది. మళ్లీ పాడాడు. ఈసారి రాగం ఇంకా సాగదీశాడు.

మరుసటి ఆదివారానికి జనం పెరిగారు. అన్న పద్యం వినడానికి పల్లెల నుంచి కూడా వచ్చారు. వాళ్లను తప్పు పట్టలేం. మా వైపు పద్యం వింటే తల ఊపడం నేర్చుకున్నారు కానీ, పద్యంలో ఉన్న మనిషికి ఏమైందని అడగడం ఎవరు నేర్పారు? పాడేవాడు వేషం, బాధ వేషానిది. రాగం మాత్రం మనది. ఎన్నో తరాల అలవాటు.

ఆ వారం ఏదో పనికి ఊరికి పోతే తెలిసింది, అన్న చేను గుత్తకిచ్చేశాడని. అడిగితే "ఒంట్లో శక్తి ల్యా పాపా" అన్నాడు. సరేలే, వయసు మీద పడుతోంది అనుకున్నాను.

తర్వాతి పద్యం ఎనుము మీద. పాలిచ్చిన తల్లికి సెలవు అని. వదిన పెంచిన పాడిగేదె అది. జనం ఆ పద్యాన్ని కూడా మళ్లీ పాడించుకున్నారు. ఆ వారంలోనే ఎనుమును చాగలమర్రి తట్టు చుట్టాలకు తోలిచ్చాడు. ఆ తర్వాత హార్మోనియంకు సెలవు చెప్పాడు. పద్యం అయ్యాక స్వయంగా హార్మోనియాన్ని ఆటోలో తెచ్చి బడిగదికి ఇచ్చేశాడు. టీచరమ్మ ఎంతో సంతోషపడింది, పిల్లలు పాటలు నేర్చుకుంటారని. అందరూ అన్న చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ హార్మోనియం మూత మీద వదిన కుట్టిన గుడ్డ చూసి కూర్చుండిపోయాను. ఆ గుడ్డ కూడా తీసుకోకుండా ఇచ్చేశాడు.

అప్పుడు అర్థమైంది. ఆదివారం పద్యంలో దేనికి సెలవు చెప్తే, మళ్లీ ఆదివారం లోపల అది ఇంట్లోంచి పోతోంది. మా అన్న పద్యాలు అల్లడం లేదు. ఒక్కొక్కటే ముడి విప్పుకుంటున్నాడు. ఇంట్లో ఇంకేం మిగిలింది? మనుషుల్లో చూస్తే నేనొక్కదాన్నే.

టీచరమ్మకు చెప్పాను. "అది పద్యం కదమ్మా, పాడుకుంటే బరువు దిగుతాది" అంది. ఆమె మీద కోపం రాలేదు, కానీ భయం రెట్టింపైంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి కూడా రాగం చెవులు మూసింది. నంద్యాలలో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె సగం వింటూనే పెన్ను కింద పెట్టేసింది. అన్నను ఒంటరిగా వదలొద్దంది. సూటిగా అడగమంది, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడొద్దంది. ఎలాగైనా తన దగ్గరికి తీసుకురమ్మంది.

కాలేజీకి సెలవు పెట్టి అన్న ఇంటికి పోయి మకాం వేశాను. ఇంట్లో ఉండకూడనివన్నీ డాక్టరమ్మ చెప్పినట్టు తీసేసి పక్కింట్లో పెట్టించాను. ఒక పొద్దు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"అన్నా, సచ్చిపోదామనుకుంటాండావా?"

అన్న నవ్వాడు.

"ఏందీ మాటలు. పద్యం పాడేటోడు యాడన్నా సచ్చిపోతాడా?"

"నంద్యాలకు పోదాం రా. డాక్టరమ్మకు చూపిచ్చుకుందాం."

"నాకేం రోగం? ఆదివారం పోనీ. పద్యం ఒకటుంది, అది పాడి సూద్దాం."

ఏ పద్యమని అడగలేదు. అడిగితే అక్కడే పాడతాడేమో అనిపించింది.

ఆ వారమంతా అన్న చాలా బాగున్నాడు. అడిగి పెట్టించుకుని తిన్నాడు. అరుగు మీద కూర్చుని పోయేవాళ్లతో మాట్లాడాడు. చుట్టుపక్కలవాళ్లు "సెల్లెలొచ్చినాక మనిషైనాడు" అన్నారు. బడాయిగా తల ఊపాల్సింది, ఊపలేకపోయాను. రెండేళ్లుగా మూలిగిన మనిషి ఏ మందూ లేకుండా ఇంత తేలికైపోతే, బరువు ఎక్కడ దించుకున్నట్టు? ఏదో తేల్చుకున్నాడు. తేల్చుకున్నవాడికే అంత నెమ్మది ఉంటుంది.

ఆదివారం గడ్డం గీయించుకుని తెల్లపంచె కట్టాడు. బడిగది నిండిపోయింది. ముందే ఫోన్ చేస్తే, డాక్టరమ్మ ఆస్పత్రిలో పని ముగించుకుని సాయంత్రం లోపల వస్తానంది. నేను గుమ్మం పక్క బెంచీలో కూర్చున్నాను. అన్న అందరికీ దండం పెట్టి, చివరికి నా వైపు తిరిగాడు.

చెల్లెలైన దాన! సెలవిమ్ము నాకింక
కట్టినట్టి మూట గట్టు చేరె
పిలువకమ్మ మరల వినిపింపదిక నాకు
తెరను దింపినారు తెల్లవారె

జీవితంలో అన్న పాడిన అన్ని పద్యాల్లోకీ అది గొప్పది. గదిలో సగంమంది కళ్లు తుడుచుకుంటున్నారు. ఆశ్చర్యంగా ఆ రోజు ఎవరూ వన్స్ మోర్ అనలేదు. అంత బాగుంది. అన్న కండువా భుజాన వేసుకుని, తలుపు వైపు అడుగు వేశాడు.

ఏం చేయాలో నాకు తెలియలేదు. కాళ్లు పట్టుకుంటే విడిపించుకుంటాడు. ఏడిస్తే ఓదార్చి పోతాడు. తెలుగు మాస్టరమ్మను, నా నోట్లో ఒక్క మాట లేదు. చిన్నప్పటి నుంచీ నేను అసహ్యించుకున్న ఆ కూత ఒక్కటే వచ్చింది.

"వన్స్ మోర్" అన్నాను.

అన్న ఆగాడు. నా వైపు చూశాడు. నా నోటి నుంచి ఆ మాట వస్తుందని ఊహించలేదు. కండువా సర్దుకుని మళ్లీ పాడాడు. అయిపోగానే మళ్లీ అన్నాను. కండక్టరు కూడా అన్నాడు, పద్యం మీది మోజుతో. అన్న మళ్లీ అందుకున్నాడు. మూడోసారికి గొంతు జీర పోయింది. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈమెకేమైంది, తోడబుట్టినవాణ్ణి ఇట్లా కాల్చుకు తింటోంది అన్నట్టు ఒకామె నా మోచేయి గిల్లింది.

"చాలు పాపా" అన్నాడు అన్న. "పోతాను."

"వన్స్ మోర్ అన్నా."

"గొంతు రాల్యా."

"పిల్సినోళ్లను కాదని యాడికి పోతావ్?"

ఆ మాటకు టీచరమ్మ తల ఎత్తింది. నన్ను చూసింది, అన్నను చూసింది, మూలనున్న హార్మోనియాన్ని చూసింది. ఆమె ముఖంలో రంగు మారడం నేను చూశాను. జన్మలో నాటకం చూసి ఎరగని మనిషి, గట్టిగా మాట్లాడడమే తెలియని మనిషి లేచి నిలబడి, వణికే గొంతుతో "వన్స్ మోర్ నాయనా" అంది. ఆ గొంతు విన్నాక గదికి అర్థమైంది. ఇది మెచ్చుకోలు కాదని కండక్టరుకు అర్థమైంది. జోల పాడిన పిల్లకు అర్థమైంది. ఒక్కొక్కరే లేచారు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. అందరూ పిలుస్తున్నారు. ఎవరి కళ్లల్లోనూ నాటకం చూసే సంతోషం లేదు.

అన్న పాడాడు. చెల్లెలైన దాన అన్నాడు. మూట గట్టు చేరె అన్నాడు. పిలువకమ్మ మరల అన్నచోట గొంతు ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడే ఆగిపోయింది. మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులూ నేలకు ఆనించి, వదిన పోయిన రోజు కూడా ఏడవని మనిషి ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను.

"పాపా, నాకు భయమైతాంది" అన్నాడు. "పద్యం అయిపోతే నేనూ అయిపోవాల అనిపిస్తాంది. ఆపేదానికి సేతకాల్యా."

అది రాగంలో లేని మాట. అందుకేనేమో అందరికీ వినపడింది.

డాక్టరమ్మ వచ్చి, తన కారులోనే నంద్యాలకు తీసుకుపోయింది. ఆస్పత్రిలో కొన్నాళ్లు ఉన్నాడు. మందులు మొదట్లో పడలేదు, మార్చారు. మాట్లాడించారు. దీనికి కారణం ఏమిటని నేను అడిగితే, అన్ని జబ్బులకూ కారణం కథలా దొరకదమ్మా అంది డాక్టరమ్మ. బడిగదిలో ఇప్పుడు రెండో నియమం కూడా ఉంది. ఎవరు ఏం చెప్పినా, ముగిశాక పక్కవాళ్లు "ఈ బాధ నీదేనా?" అని అడగాలి. వన్స్ మోర్ అనకూడదు. ఆ నియమం నేనే పెట్టించాను, నాకే సిగ్గు లేకుండా.

అన్న పల్లెకు తిరిగొచ్చి చాలా నెలలైంది. నంద్యాలలో నా దగ్గరే ఉండమంటే, ఊపిరాడదన్నాడు. మాత్రలు వేసుకుంటున్నాడు. గుత్త గడువు తీరాక చేను వెనక్కి తీసుకున్నాడు. హార్మోనియం మాత్రం బడిగదిలోనే ఉంది, అడగడానికి మొహమాటం. రోజూ పొద్దున నేను కాలేజీకి పోయే ముందు ఫోన్ చేస్తాను. ఏదో ఒక పద్యం రెండు పాదాలు పాడమంటాను. పాడతాడు. "వన్స్ మోర్" అంటాను. "రేపు పాడతాలే పాపా" అంటాడు. ఆ రేపు అన్న మాట చెవిన పడ్డాకే నేను ఇల్లు తాళం వేసి బయలుదేరతాను. ఎన్ని పాఠాలు చెప్పినా ఆ రోజుకు నాకు పనికొచ్చే మాట అదొక్కటే.

మొన్నొక పొద్దున రెండు పాదాలు పాడాడు. వన్స్ మోర్ అన్నాను. రేపు అనలేదు. అవే రెండు పాదాలు వెంటనే మళ్లీ పాడేసి ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. టీచరమ్మకు చేస్తే, ఆమె బంధువుల ఇంటికి చాగలమర్రి పోయిందట. పక్కింటివాళ్లు చేనికి పోయినట్టున్నారు, వాళ్లూ ఎత్తలేదు. కాలేజీకి కబురు కూడా చెప్పకుండా బస్సెక్కాను. దారి పొడవునా చేతిలో ఫోన్ పట్టుకుని ఒకటే నంబరు నొక్కుతున్నాను. పక్క సీటామె "ఎవరికన్నా బాగలేదామ్మా?" అని అడిగింది. తెలియదన్నాను. ఆళ్లగడ్డలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. మా వీధి మలుపులో జనం గుమిగూడి ఉన్నారేమోనని తల బయటపెట్టి చూశాను. వీధి ఖాళీగా ఉంది. అది ఊరట కాలేదు నాకు.

అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు కాఫీ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి. ఫోను పక్కనే ఉంది.

"ఏందే పొద్దున్నే వస్తివి?" అన్నాడు.

"రేపు అనలేదే నువ్వు."

"అన్లేదు."

"మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు పాపా. నువ్వు వస్తావో రావో సూద్దామని."

"రాకపోయింటే?"

అన్న రెండు గ్లాసులూ తీసుకుని కాఫీ కలపడానికి లోపలికి పోయాడు. నేను అరుగు మీదే కూర్చుని, లోపల గ్లాసుల చప్పుడు ఆగినప్పుడల్లా "అన్నా" అని పిలిచాను. పిలిచిన ప్రతిసారీ పలికాడు.